మెడికల్ పాసైన గుండె

(అనంతపురంలో చేసిన ధర్మనిధి స్మారకోపన్యాస పాఠం)



ఈ ధర్మనిధి ఏ డాక్టరుగారి పేరున ఏర్పడిందో, ఆయన జబ్బు చెప్పుకోవడానికి వచ్చినవాళ్లకంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లనే ఎక్కువసేపు కూర్చోబెట్టేవారు. జబ్బు మనిషి ఎలాగూ మళ్లీ వస్తాడు. సర్టిఫికెట్ మనిషి సంతకం పడగానే వెళ్లిపోతాడు, మళ్లీ కనపడడు. చూడవలసింది ఏదున్నా ఆ ఒక్కసారే చూసెయ్యాలని ఆయన పట్టుదల. నేనూ చాలా ఏళ్లు అలాంటి కాగితాల మీద సంతకాలు పెట్టినవాణ్ణే. అందుకే ఈ రోజు ఆ కాగితం గురించీ, అది సరిగా చూడకుండా దాటిపోయే గుండె గురించీ మాట్లాడదలిచాను.

మన నేలకు ఈ విషయంతో పనేమిటని ఎవరూ అడగరనుకుంటాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేళకు రాదు. బుడ్డల పంట చేతికి రాని ఏడు ఇంటికొకరైనా ఊరు దాటవలసిందే. 2022లో జిల్లా రెండయింది, కదిరి, పుట్టపర్తి సత్యసాయి జిల్లాలోకి పోయాయి. కరువుకు ఆ హద్దు లేదు కాబట్టి నేను పాత అనంతపురం జిల్లా అంతటినీ కలిపే మాట్లాడుతున్నాను. కదిరి, తనకల్లు, నల్లచెరువు వైపు జనం, పక్కన రాయచోటి, రాజంపేట జనంలాగే, కువైటు పోతారు. మగవాళ్లు డ్రైవర్లుగా, కట్టడం పనులకు. ఆడవాళ్లు అరబ్బుల ఇళ్లలో పనికి. డిప్లొమా చేసిన కుర్రాళ్లు కొందరు బొంబాయి హై, కాకినాడ తీరాల్లోని చమురు రిగ్గులెక్కి, అక్కడినుంచి ఖతార్, అబుధాబి సముద్రాలకు పోతున్నారు. అందరూ ముందు దాటవలసిన గడప మెడికల్. అప్పు తెచ్చి, ఏజెంటుకు కట్టి, అంతా అయ్యాక అక్కడ ‘అన్‌ఫిట్’ పడితే మిగిలేది వడ్డీ.

గల్ఫ్ పోయేవాళ్లకు జరిగే పరీక్షను జనం ఇప్పటికీ గామ్కా అనే పిలుస్తారు. ఇప్పుడు దాన్ని ‘వాఫిద్’ పేరుతో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. నియమాలు రియాద్‌లోని గల్ఫ్ హెల్త్ కౌన్సిల్‌వి. క్షయ ఉందేమోనని ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్‌ల కోసం రక్తం, ఇంకా మూత్రం, బీపీ. అదుపులో లేని బీపీ, అదుపులో లేని షుగరు, గుండె వైఫల్యం, మూత్రపిండాల వైఫల్యం ఉన్నా పంపరు. అక్కడ దిగాక అకామా అనే నివాస అనుమతికి ముందు మళ్లీ పరీక్ష. ఆ దేశం తన జనాన్ని అంటురోగాలనుంచి కాపాడుకోవడానికి పెట్టుకున్న వడపోత ఇది, అది వాళ్ల హక్కు. ఈ మనిషిని రానివ్వవచ్చా అన్నది వాళ్ల ప్రశ్న. రెండేళ్లు ఆ ఎండలో నా గుండె నిలబడుతుందా అన్నది మన మనిషి ప్రశ్న. మొదటిదానికి వచ్చిన జవాబునే రెండోదానికీ జవాబనుకొని అతను విమానం ఎక్కుతున్నాడు.

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పరిశీలన చెబుతాను. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఒక ఏడాదిలో సంభవించిన మరణాల్లో దాదాపు అన్నిటికీ ఇల్లిల్లూ తిరిగి కారణాలు రాబట్టారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ పేరున జరిగిన ఈ పని 2006లో అచ్చయింది. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవల్ల. అంటురోగాలన్నీ కలిపితే నూటికి 12. పల్లెటూళ్లలో, ఇరవై ఏళ్ల కిందటి మాట ఇది. ఎక్స్‌రే గదిలో మనం వెతుకుతున్నది ఆ 12లో ఒక ముక్కను. 32ను వెతకడానికి పరీక్షనాటి ఉదయం మన దగ్గర ఉన్న సాధనాలు బీపీ పట్టీ, స్టెతస్కోపు, నాలుగు ప్రశ్నలు. వాటికే మనం అతి తక్కువ సమయం ఇస్తున్నాం.

బీపీ పట్టీ సంగతే చూడండి. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన మనిషి, పొద్దున టీ తాగి, రెండు గంటలు క్యూలో నిలబడి లోపలికి వస్తాడు. నిలబెట్టే, చొక్కా చేతిమీదే పట్టీ చుడతారు. 160 చూపిస్తుంది. అది అతని బీపీ అవునో కాదో ఆ క్షణంలో ఎవరూ చెప్పలేరు. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టాలి, పాదాలు నేలమీద ఉండాలి, మోచెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఆనాలి, చొక్కా చెయ్యి పైకి తీయాలి, అరగంట ముందునుంచీ టీ, బీడీ ఉండకూడదు, మాట్లాడించకూడదు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడాలి. ఇంతకుమించి ఖర్చేమీ లేదు. ఈ అయిదు నిమిషాలు ఇవ్వని చోట నిజంగా బీపీ లేనివాడు ఫెయిలవుతాడు. నిజంగా ఉన్నవాడు ముందురోజు రాత్రి మందులషాపులో అడిగి రెండు మాత్రలు మింగి పాసవుతాడు. ఓబుళదేవరచెరువు వైపునుంచి వచ్చిన ఒక డ్రైవరు నాతోనే అన్నాడు: “సార్, మాత్ర మెడికల్ వరకే, పాసైనాక ఎందుకు?” అతను దాపరికంతో అన్న మాట కాదది. బీపీ మాత్ర జీవితాంతం వేసుకునేదని అతనికి అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఇక ఆఫ్‌షోర్ సంగతి. చమురు బావి కూడా మన చట్టం దృష్టిలో గనే. మూతపడి రెండు దశాబ్దాలు దాటిన మన రామగిరి బంగారు గనిలో దిగినవాడికీ, బొంబాయి హైలో ప్లాట్‌ఫాం ఎక్కినవాడికీ ఒకే చట్టం వర్తించేది, 2025 దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం. దానికింద పనిలో చేరేముందొకసారి, తరవాత అయిదేళ్లకు మించకుండా ఒక్కోసారి పరీక్ష జరగవలసి ఉండేది. ‘ఫారం ఓ’ అనే ఫిట్‌నెస్ కాగితం లేనిదే రిగ్గు మీదికి రానిచ్చేవారు కాదు. అంతర్జాతీయ కంపెనీలు, ఓడలు ఎక్కువగా రెండేళ్ల గడువు పాటిస్తాయి. సముద్రం మీద ఇంత పట్టింపు ఎందుకంటే అక్కడ ఆసుపత్రి లేదు. ఒక చిన్న వైద్యశాల, ఒక డాక్టరో మెడిక్కో, వాతావరణం ఒప్పుకుంటే హెలికాప్టరు. బ్రిటన్ వైపు ఉత్తర సముద్రంలో పనిచేసేవాళ్లకు 2026 నవంబరునుంచి బట్టలతో కలిపి బరువు 124.7 కిలోలు దాటకూడదని నియమం పెట్టారు. ఆ అంకె ఎక్కడిదంటే, రక్షణ హెలికాప్టరు తాడు ఎత్తగలిగేది 249 కిలోలు. అందులో రక్షకుడి బరువు, స్ట్రెచరు, సామాను తీసేస్తే రోగికి మిగిలేది అంతే. ఆ పరీక్షలో ఉన్న ఆలోచనే నాకు నచ్చింది. ఈ మనిషి పనికొస్తాడా అన్నదొక్కటే చూడలేదు. ఇతనికి ఏమైనా అయితే మనం ఇతన్ని బయటికి తీసుకురాగలమా అని కూడా లెక్కవేశారు. తనకల్లునుంచి కువైటు ఎడారిలో గొర్రెల కొట్టానికి పోయే మనిషికీ ఆసుపత్రి అంతే దూరం. అతని విషయంలో ఈ లెక్క ఎవరు వేశారు?

ఇప్పుడు గుండె జబ్బంటే ఏమిటో కాస్త నిదానంగా చెప్పాలి. అది తెలిస్తేగాని పరీక్ష ఎంతవరకు నమ్మాలో తెలియదు. గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటుందని మేము చెప్పగానే మీకు డ్రిప్పు పైపు గుర్తొస్తుంది. మన బోరునీళ్ల ఉప్పు పట్టి, రంధ్రం సన్నబడి, ఒకరోజు చుక్క రాదు. గుండెపోటు చాలాసార్లు అలా రాదు. కొవ్వు చేరేది నాళం గోడలోపల. దానిమీద పలచటి పొర ఉంటుంది. ఒకరోజు ఆ పొర చిట్లుతుంది, అక్కడ రక్తం గడ్డకడుతుంది, నిమిషాల్లో నాళం మూసుకుంటుంది. సగం కూడా సన్నబడని చోట ఇలా జరగవచ్చు. అందుకే పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగా ఉండవచ్చు. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించిన పరీక్ష కూడా, రక్తప్రవాహానికి అడ్డొచ్చేంత ఇరుకునే పట్టగలదు, రేపు చిట్లబోయే పొరను పట్టలేదు. మొన్ననే మెడికల్ పాసైన మనిషి పోయాడంటే డాక్టరు లంచం తిన్నాడని ఊళ్లో అనుకుంటారు. నిజాయితీగా చేసిన పరీక్ష తరవాత కూడా అలా జరగవచ్చు.

అలాగని పరీక్ష దండగ అని కాదు. పొర చిట్లే అవకాశాన్ని పెంచేవేమిటో తెలుసు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధన 2004లో తేల్చిందిదే: పొగాకు, బీపీ, షుగరు, రక్తంలో కొవ్వులు, పొట్టచుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి వంటి తొమ్మిది విషయాలు కలిసి గుండెపోట్లలో నూటికి తొంభైదాకా వివరిస్తాయి. ఆ సమాచారంనుంచే 2007లో ఇంకో సంగతి బయటపడింది. దక్షిణాసియా మనిషికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకు వస్తోంది, మిగతా దేశాలవాళ్లకు దాదాపు 59కి. అంటే అప్పు తీరి, ఆడపిల్ల పెళ్లి దగ్గరపడి, ఇంకో రెండేళ్లు చేసి వచ్చేస్తాననుకునే వయసుకే.

అంతకంటే చిన్నవయసులో కుప్పకూలేవాళ్లున్నారు. వాళ్లలో కొందరికి గుండె కండరమే పుట్టుకతో తేడాగా ఉంటుంది. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తల బృందం 2009లో ఒక జన్యులోపాన్ని ప్రకటించింది. మన ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉంది, గుండె కండర వ్యాధి ముప్పు పెంచుతుంది. అది ఉన్నవాళ్లందరికీ జబ్బు వస్తుందని భయపడనక్కర్లేదు. అయితే మీ ఇంట్లో నలభై దాటకుండా హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నారా, పరుగెత్తినప్పుడు ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయావా అనే రెండు ప్రశ్నలు ప్రతి కుర్రాడినీ అడగాలి. అవునంటే ఎకో తీయించాలి. ఈ ప్రశ్నలు అడగడానికి మిషను అక్కర్లేదు.

ఎండ విషయంలో మనవాళ్లకు ఒక ధీమా ఉంది. మేము అనంతపురంవాళ్లం, ఎండ మాకు కొత్తా అంటారు. మనది పొడి ఎండ. చెమట పట్టగానే ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. గల్ఫ్ తీరాన వేసవిలో గాలిలో తేమ ఎక్కువ, చెమట కారిపోతుందేగాని ఆరదు. ఒళ్లు చల్లబరచడానికి గుండె చర్మానికి మామూలుకంటే ఎన్నోరెట్లు రక్తం పంపాలి, ఇటు కండరాలకూ పంపాలి. నీళ్లు తాగకపోతే పంపడానికి రక్తమే తగ్గుతుంది. నేపాల్ కార్మికుల మీద జరిగిన ఒక పరిశోధన 2019లో ‘కార్డియాలజీ’ పత్రికలో వచ్చింది. 2009నుంచి 2017 వరకు ఖతార్‌లో గుండె జబ్బుతో పోయారని రాసిన 571 మందిలో, ఎండనుంచి సరైన రక్షణ ఉంటే 200 మంది దాకా బతికేవారని దాని అంచనా. కువైటులో జూన్ 1నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11నుంచి 4 వరకు బయట పని నిషేధం. మంచిదే. ఉదయం పదిన్నరకు కూడా ఆ ఎండ ఎండే. శరీరం అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. కొత్తవాడికి మొదటిరోజు ఎండలో పని అయిదోవంతు మించకూడదనీ, రోజుకింత పెంచుకుంటూ పోవాలనీ అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. రెండు నెలలు సెలవుమీద ఊరొచ్చి తిరిగిపోయినవాడికి కూడా అలవాటు పోయి ఉంటుంది. పదేళ్ల అనుభవం ఉన్నవాడు కూడా మొదటి వారం జాగ్రత్తపడాలి. బీపీకి నీరు దిగే మాత్ర వాడుతున్నవాడు పోయేముందు డాక్టరుకు చెప్పి మందు సరిచూసుకోవాలి.

అక్కడ చనిపోయినవాడి శవంతోపాటు వచ్చే కాగితంలో తరచుగా ఉండే మాట ‘కార్డియాక్ అరెస్ట్, సహజ మరణం’. గుండె ఆగడం ప్రతి చావులోనూ జరిగేదే. ఎందుకు ఆగిందన్నది కారణం. ఎండ దెబ్బా, గుండెపోటా, కండర జబ్బా అన్నది ఆ రెండు మాటల కింద మునిగిపోతుంది. దీనివల్ల ఇంటివాళ్లకు జరిగే నష్టం కూడా చెబుతాను. వలస అనుమతి తప్పనిసరైన (ఈసీఆర్) పాస్‌పోర్టుమీద పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. పదిలక్షల రూపాయలు వచ్చేది ప్రమాదంలో పోతేనో, శాశ్వత అంగవైకల్యం వస్తేనో. సహజ మరణమని రాసిన కాగితం పట్టుకున్న భార్యకు ఆ పదిలక్షలు రావు. విమానాశ్రయంనుంచి ఊరికి శవం తేవడానికి ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ ఉచిత అంబులెన్సు పెట్టింది, ఆ సాయం ఎందరికో అందింది. దానికన్నా ముందు జరగవలసిన సాయం గురించే నా బాధ.

నా అసలు ఫిర్యాదుకు వస్తున్నాను. ఫెయిలైన మనిషి ఏమవుతున్నాడు? పరీక్ష మొత్తంలో అందరికంటే విలువైన సమాచారం అతనిది. బీపీ ఉందనో, షుగరు ఉందనో, గుండెలో శబ్దం వినపడిందనో ఒక డాక్టరు కనిపెట్టాడు. కనిపెట్టి, కాగితం మీద ముద్రవేసి బయటికి పంపాడు. అతను వైద్యానికి పోడు, ఇంకో ఊళ్లో ఇంకో ప్రయత్నం చేస్తాడు. సముద్రం మీద పనిచేసేవాళ్ల విషయంలో ప్రపంచం దీన్ని మెరుగ్గా ఆలోచించింది. ఓడ కార్మికుల పరీక్షకు ఐక్యరాజ్యసమితి సంస్థలు ఐఎల్‌ఓ, ఐఎంఓ ఇచ్చిన మార్గదర్శకాల్లో పాస్, ఫెయిల్ రెండే ఉండవు. కొన్ని పరిమితులతో పనికొస్తాడు, తాత్కాలికంగా పనికిరాడు, వైద్యం చేయించుకుని రావాలి అని మెట్లున్నాయి. 2015లో మన దేశం ఆమోదించిన సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం, కాదన్నప్పుడు ఇంకో స్వతంత్ర వైద్యుడి దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకునే హక్కు కార్మికుడిది. గని కార్మికుడికి అప్పీలు బోర్డు ఉండేది. కువైటు పోయే మన మనిషికి అలాంటి దారి ఉందని ఎవరూ చెప్పగా నేను వినలేదు. దేశంలోనే పనిచేసేవాళ్లకు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు నలభై దాటినవాళ్లకు ఏడాదికోసారి ఉచిత వైద్యపరీక్ష ఇస్తామంటున్నాయి. తాడిపత్రి బండల ఫ్యాక్టరీల్లో, పెనుకొండ కార్ల ఫ్యాక్టరీ చుట్టుపక్కల కాంట్రాక్టు పనుల్లో అది ఎంతవరకు అందుతుందో కార్మిక సంఘాలు ఇప్పటినుంచే పట్టుకు కూర్చోవాలి.

ఆడవాళ్ల మాట వేరుగా చెప్పాలి. ఇళ్లలో పనికి పోయేవాళ్లలో చాలామంది ఇంకా చిన్నవయసువాళ్లే. వాళ్లలో నేను భయపడేది కీళ్లవాతపు గుండె జబ్బుకు. చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, కీళ్లవాపు వచ్చి పోతాయి. ఏళ్లు గడిచాక గుండె కవాటం మందమై ఇరుకవుతుంది. మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువేమోలే అనుకుంటారు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి, రొమ్ము కింద స్టెతస్కోపు ఆనించి, గదిలో మాటలాపి వింటే సన్నటి గరగర శబ్దం వినపడుతుంది. మగ డాక్టరు, తెర లేని గది, బయట క్యూ ఉన్నచోట ఈ పరీక్ష జరగదు. దుస్తుల పైనుంచే రెండు క్షణాలు ఆనించి తీసేస్తారు. ఆమె పోయి నాలుగంతస్తుల ఇంట్లో మెట్లెక్కి దిగుతుంది. గర్భం వచ్చినప్పుడు ఇదే జబ్బు ప్రాణంమీదికి తెస్తుంది. ముందే తెలిస్తే మూడు వారాలకొక పెన్సిలిన్ ఇంజెక్షను జబ్బు ముదరకుండా ఆపుతుంది. కవాటం ఇరుకైతే బెలూనుతో వెడల్పు చేస్తారు.

ఆ వైద్యానికి మనకు దిక్కులేదా అంటే, దేశంలో చాలా కరువు జిల్లాలకు లేని దిక్కు మనకుంది. 1991 నవంబరు 22న ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి అప్పటినుంచీ గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తోంది. బత్తలపల్లిలో స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ ఆసుపత్రి ఉంది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మనది ఒకటి. గుండెపోటు వస్తే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షను ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తే దానివల్ల కలిగే మేలు ఎక్కువ. ఛాతీ బిగిసి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతున్నప్పుడు గ్యాసేమోనని సోడా తాగి పడుకున్న రాత్రి ఆ గంటలు పోతాయి. ఆపరేషను చేసే చెయ్యి ఇక్కడుంది, జబ్బు కనిపెట్టిన చెయ్యి కదిరిలోనో చెన్నైలోనో ఉంది, రెంటి మధ్యా ఒక చీటీ లేదు.

ధర్మనిధి నిర్వాహకులను ఆ చీటీయే అడుగుతున్నాను. విదేశం పోయే ప్రతి మనిషికీ తెలుగులో అచ్చువేసిన ఒక కార్డు. మెడికల్ సెంటరు ఇచ్చే ముద్ర సంగతి వాళ్లు చూసుకుంటారు, ఇది మనిషి జేబులో ఉండాలి. కూర్చోబెట్టి చూసిన బీపీ రెండుసార్లు, షుగరు, బీడీ సిగరెట్టు, ఇంట్లో చిన్నవయసు మరణాలు, గుండె శబ్దం విన్నవారి సంతకం, వాడుతున్న మాత్రల పేర్లు, ఎండలో మొదటి వారం జాగ్రత్తలు. వెనకవైపు, తేడా ఉంటే ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఎవరిని కలవాలో. ఏఎన్ఎం దగ్గర ఒక ప్రతి ఉండాలి, సెలవుమీద వచ్చినప్పుడు ఆమె పిలిచి మళ్లీ బీపీ చూడాలి. కదిరి ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికొక పూట ఒక మహిళా డాక్టరు, తెర ఉన్న గది దొరికితే ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. ఆ పూటల్లో నేను వచ్చి కూర్చుంటాను. బీపీ పట్టీలు రెండు సైజులవి కావాలి, లావు చేతులకు మామూలు పట్టీ తప్పు చూపిస్తుంది.